లీడ్ గారూ... చెడ్డ కబురు మీకెప్పుడు తెలుస్తోంది?

పొద్దున పది గంటలు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఎనిమిది మంది టీమ్, స్టాండప్ మీటింగ్. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడైనా ఆగిపోయానా... ఈ మూడు ముక్కలూ చెప్పేసి పదిహేను నిమిషాల్లో ముగించాలన్నది రూలు. ఒక్కొక్కరే చెబుతారు. అందరి చివరి మాటా ఒకటే: 'నో బ్లాకర్స్'. అంటే నా పనికి అడ్డంకులేమీ లేవని. లీడ్ తలూపుతాడు. మీటింగ్ అయిపోతుంది.

ఇంకో పావుగంటకి అదే ఎనిమిది మందిలో నలుగురు కింద టీ బండి దగ్గర కనిపిస్తారు. 'టెస్ట్ సర్వర్ రెండ్రోజుల్నుంచీ పడుకుంది బ్రో.' 'ఆ పేమెంట్ మాడ్యూల్ శుక్రవారానికి అయ్యే పనే కాదు.' 'నాకసలు ఆ రిక్వైర్‌మెంటే అర్థం కాలేదు, ఎవర్ని అడగాలో తెలీదు.' అల్లం టీ అయిపోయేలోపు ప్రాజెక్టు జాతకం మొత్తం బయటికొచ్చేస్తుంది. వినాల్సిన మనిషి ఒక్కడే అక్కడ ఉండడు.

ఇప్పటి కుర్రాళ్లకి మాట్లాడే ధైర్యం లేదని కొందరు మేనేజర్లు అంటుంటారు. నేనొప్పుకోను. టీ బండి దగ్గర లేని భయం లిఫ్టెక్కి పైకి రాగానే ఎక్కణ్నుంచి వస్తుంది? వాళ్ల దగ్గర ఓ లెక్క ఉంటుంది. పోయినసారి ఎవరో నోరు తెరిచి 'ఇది అవ్వదు' అన్నారు. అప్పుడు లీడ్ మొహం ఎలా మారింది, ఏమన్నాడు, ఆ తర్వాత ఆ మనిషిని ఎలా చూశాడు... అదంతా మిగతా ఏడుగురికీ గుర్తుంది.

ఐటీలో లీడ్ అవడానికి పెద్ద తతంగం ఉండదు. నాలుగైదేళ్లు కోడ్ బాగా రాస్తే ఓ రోజు మెయిల్ వస్తుంది. ఇవాళ్టి నుంచి ఈ ఆరుగురూ నీ మనుషులు అని. కోడ్ రాయడం నాలుగేళ్లు చదివాం. మనుషులతో మాట్లాడటం మాత్రం రెండ్రోజుల ట్రైనింగ్‌లో, స్లైడ్లు తిప్పుతూ నేర్చేసుకోవాలి. మేనేజర్ల వల్ల నిజంగా ఉపయోగం ఉందా అని గూగుల్‌లోనే ఓ సందేహం వచ్చి, 2008లో 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో సొంత ఉద్యోగుల మీదే పరిశోధన మొదలుపెట్టారు. మంచి మేనేజర్లలో కనిపించిన ఎనిమిది లక్షణాలు తేలాయి. పక్కవాడికి దగ్గరుండి నేర్పించే గుణం మొదటిది. సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది, అంటే ఆఖరిది. మనకేమో ఆ ఆఖరిదాన్ని చూసే ప్రమోషన్ ఇస్తారు.

లీడ్ ఎలా పని చేస్తున్నాడో చూడ్డానికి నా దగ్గరున్న కొలత చిన్నది. టీమ్‌లో ఏదైనా తేడా కొడితే ఆ కబురు అతనికి ఎన్ని గంటల్లో చేరుతోంది? తప్పు చేసిన మనిషే వచ్చి చెబుతున్నాడా, క్లయింట్ మెయిల్ చూశాక తెలుస్తోందా? ఈ ఒక్కటీ చూస్తే చాలు. మిగతా గుణగణాలన్నీ ఇందులోనే తెలిసిపోతాయి.

తప్పులెక్కువున్న టీమే మంచి టీమా?

వినడానికి విడ్డూరంగా ఉండే ఓ పరిశోధన ఉంది. ఏమీ ఎడ్మండ్‌సన్ ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్. 1990ల్లో అక్కడే పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆస్పత్రి వార్డుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పని చేశారు. కలిసికట్టుగా పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. లెక్కలు తీస్తే రివర్స్‌లో వచ్చింది. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి! అదెలాగని తరచి చూస్తే అసలు సంగతి తేలింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేయట్లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారంతే. హెడ్ నర్సు విరుచుకుపడే వార్డుల్లో రికార్డులు మాత్రం తళతళలాడుతున్నాయి.

ఆవిడ తర్వాత దీన్నే 'సైకలాజికల్ సేఫ్టీ' అన్న పేరుతో వివరించారు. ఇక్కడ నోరు తెరిస్తే నన్ను చిన్నచూపు చూడరు అన్న నమ్మకం అన్నమాట. గూగుల్ 2012లో మొదలుపెట్టి 180 టీముల్ని పరిశీలించిన 'ప్రాజెక్ట్ అరిస్టాటిల్' కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చింది. టీమ్‌లో ఎంత తెలివైనవాళ్లున్నారు అన్నదానికన్నా, వాళ్లు ఒకరి ముందు ఒకరు భయపడకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే ముఖ్యమని తేలింది.

మీ టీమ్ రిపోర్టుల్లో నెలల తరబడి అంతా పచ్చగానే ఉందనుకోండి. సంతోషించే ముందు ఓసారి టీ బండి దాకా వెళ్లి రండి.

మొదటి మాట

చెడ్డ కబురు తెచ్చిన మనిషికి లీడ్ నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా ఖరీదైనది. మంగళవారం మధ్యాహ్నం ఓ అమ్మాయి వచ్చి, 'అన్నా, ఇది శుక్రవారానికి అవ్వదు' అంది. మన దగ్గర ఎక్కువగా వినిపించే జవాబు, 'మొన్ననే చెప్పొచ్చుగా?' న్యాయమైన ప్రశ్నే, కాదనలేం. కానీ ఆ అమ్మాయికి వినిపించేది వేరు. చెప్పినందుకు అక్షింతలు పడ్డాయి, అంతే. ఈసారి మంగళవారం చెప్పింది. ఇంకోసారి గురువారం సాయంత్రం దాకా చెప్పదు. త్వరగా చెప్పించాలని అడిగిన ప్రశ్నే ఆలస్యాన్ని నేర్పిస్తుంది.

'ఇప్పుడైనా చెప్పావు, మంచిదైంది. ఎక్కడ ఆగిందో చూద్దాం పద' అంటే ఖర్చయ్యేది ఐదు సెకన్లు. మొన్ననే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఎక్కడికీ పోదు. పని ఓ కొలిక్కి వచ్చాక, ఇద్దరే ఉన్నప్పుడు అడగొచ్చు. అప్పుడైతే సాకు రాదు, కారణం వస్తుంది.

అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో ఏదో కూలిపోయినప్పుడూ ఇంతే. గ్రూపులో మొదట పడే మెసేజ్ చూడండి. 'ఎవరు చేశారు?' అనా, 'ఏం జరిగింది?' అనా? మొదటిదైతే పదిమందీ ఎవరి కోడ్ వాళ్లు చూసుకుని, నాది కాదని తేల్చుకునే పనిలో పడతారు. సైటు లేపే పని ఆ తర్వాత. మేం రోజూ వాడే గిట్‌లో ఏ లైను ఎవరు రాశారో చూపించే కమాండ్ పేరే 'బ్లేమ్'. పేరు పెట్టినాయన సరదాకే పెట్టాడేమో కానీ, మా వాళ్లు కొందరు దాన్ని సీరియస్‌గానే తీసుకున్నారు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ తెలిసిన కథే. రాత్రి పొద్దుపోయాక ఓ ఇంజినీరు డేటాబేస్ సమస్య సరిచేస్తూ, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా ఫోల్డర్ డిలీట్ చేశాడు. అదేమో అసలు సర్వర్! ఒకట్రెండు సెకన్లలో గుర్తించి ఆపాడు కానీ, అప్పటికే 300 జీబీ వరకూ పోయింది. తీరా చూస్తే బ్యాకప్‌లు కూడా సరిగ్గా పని చేయట్లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందటి కాపీ ఒకటి దొరికింది. ఆ కంపెనీ జరిగింది దాచలేదు. బాగుచేసే పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. తర్వాత ఇచ్చిన రిపోర్టులో ఆ ఇంజినీరు పేరు లేదు. బ్యాకప్‌లు చెడిపోయాయని ఇన్నాళ్లూ మనకెందుకు తెలియలేదు అన్నదాని మీదే చర్చంతా. డిలీట్ కొట్టిన మనిషి ఆ రాత్రి భయపడి ఓ గంట నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

నువ్వు, మీరు, యూ

పాశ్చాత్యుల పుస్తకాల్లో దొరకని చిక్కొకటి మనకుంది. భాష.

ఇంగ్లిష్‌లో మాట్లాడినంతసేపూ అందరూ 'యూ'నే. మేనేజర్ని కూడా పేరు పెట్టి పిలవమంటారు. తెలుగులోకి మారగానే లీడ్ 'నువ్వు' అంటాడు, జూనియర్ 'మీరు' అంటాడు. ఇంకాస్త చనువు పెరిగితే 'అన్నా', 'అక్కా'. ఇది తప్పని నేననను. 'అన్నా' అన్న పిలుపులో ఉన్న దగ్గరితనం ఏ ట్రైనింగ్‌లోనూ రాదు. కాకపోతే దాంతోపాటు ఇంట్లో లెక్క ఒకటి వెంటొస్తుంది. అన్నకి ఎదురు చెప్పకూడదు. అన్న రాసిన డిజైన్‌లో తప్పుందని పదిమందిలో చెప్పడం మన ఇళ్లల్లో పెరిగిన ఎవరికైనా కష్టమే. కాబట్టి ఆ అన్నే ముందుకొచ్చి అడగాలి. 'ఇందులో తప్పులున్నాయా?' అని కాదు. అలా అడిగితే 'లేవన్నా, సూపర్' అనే వస్తుంది. 'ఇది ఫెయిలైతే ఎక్కడ ఫెయిలవుతుందనుకుంటున్నావ్?' అంటే లోపం చెప్పడమే మర్యాద అవుతుంది.

ఇంకో సంగతి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఏ సిద్దిపేట నుంచో సత్తెనపల్లి నుంచో వచ్చిన కుర్రాడు స్టాండప్‌లో తన వంతు వచ్చేదాకా మనసులో ఇంగ్లిష్ వాక్యం కూర్చుకుంటూ ఉంటాడు. సర్వర్ ఎందుకు పడుకుందో వివరించాలంటే నాలుగు వాక్యాలు కావాలి. 'నో బ్లాకర్స్' అనడానికి రెండు ముక్కలు చాలు, గ్రామర్ కూడా అక్కర్లేదు. లీడ్ దాన్ని రిపోర్టు అనుకుంటాడు, అది తప్పించుకునే దారి. మీటింగయ్యాక ఆ కుర్రాడి సీటు దగ్గర ఆగి, 'ఏమైంది, నిన్నటిది ఎక్కడిదాకా వచ్చింది?' అని తెలుగులో అడిగి చూడండి. పావుగంట ఆగకుండా చెబుతాడు.

అలాగని టీమంతా తెలుగులోకి దిగిపోతే భువనేశ్వర్ నుంచో కొచ్చి నుంచో వచ్చిన అమ్మాయి గతేంటి? లంచ్ టేబుల్ దగ్గర అందరూ పగలబడి నవ్వుతుంటే, తన మీదే జోకేమో అన్న అనుమానంతో డబ్బా మూత పెట్టేసుకుంటుంది. ఆ నవ్వు ఆగాక ఆమె వైపు తిరిగి ఒక్క ముక్కలో విషయం చెప్పే మనిషి టీమ్‌కి ఒకడుంటే చాలు. ఆ మనిషి లీడే అయ్యుండాలని కూడా లేదు.

అడగకుండా చూపించే దయ గురించి కూడా చెప్పాలి. ప్రసూతి సెలవు అయిపోయి ఆఫీసుకొచ్చిన ఆవిడకి 'చిన్నపిల్లతో ఇబ్బంది కదా' అని రిలీజ్ పని ఇవ్వకుండా పక్కన పెడతారు. ఉద్దేశం మంచిదే. ఆర్నెల్ల తర్వాత రేటింగ్ ఇచ్చేటప్పుడు మాత్రం 'పెద్ద పనులేవీ చేయలేదు' అని రాస్తారు. 'ఈ రిలీజ్ మీరు తీసుకుంటారా?' అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ నిర్ణయం ఆవిడది అయ్యేది.

'కాల్ మీ వెన్ ఫ్రీ'

ఇంటి నుంచి పని మొదలయ్యాక సగం మాటలు చాట్‌లోనే. అక్కడ మొహం కనపడదు, గొంతు వినపడదు. శుక్రవారం రాత్రి తొమ్మిదికి లీడ్ దగ్గర్నుంచి 'కాల్ మీ వెన్ ఫ్రీ' అని వచ్చిందనుకోండి. ఆయన అడగాలనుకున్నది సోమవారం సెలవు పెడుతున్నావా అని. ఇవతల కుర్రాడికి ఈఎంఐ కళ్ల ముందు కదులుతుంది. ప్రాజెక్టులోంచి తీసేస్తున్నారా, బెంచ్ మీదికా, ఇంకేమైనానా అని గుండె గుభేలుమంటుంది. 'సోమవారం లీవు గురించి, తొందరేం లేదు' అని పక్కన రెండు ముక్కలు రాస్తే పోయేదేముంది? ఉద్యోగాలు ఊడుతున్న వార్తలు వారానికోటి చదువుతున్న రోజుల్లో కారణం చెప్పకుండా పిలవడం కాస్త క్రూరమే.

కోడ్ రివ్యూ ఇంకో రకం. జూనియర్ మూడ్రోజులు కూర్చుని రాసిన కోడ్ కింద 'రాంగ్. రీడూ' అని రెండు ముక్కలు పడేసే సీనియర్లున్నారు. అందులో అతను నేర్చుకునేది ఏమీ లేదు, ఈయనకి కోపం వచ్చిందని తప్ప. 'కస్టమర్ ఫోన్ నంబరు ఇవ్వకపోతే ఈ లైన్ దగ్గర ఏమవుతుంది?' అని రాస్తే తప్పు అతనికే కనిపిస్తుంది, అతనే దిద్దుకుంటాడు. పైగా రివ్యూ కామెంట్లు టీమంతా చదువుతారు. ఒకరికి రాసిన జవాబు ఎనిమిది మందికి పాఠమవుతుంది, పాఠం ఏదైనా సరే.

సాయంత్రం ఎనిమిదిన్నర కాల్

మన ఆఫీసుల్లో అసలు పరీక్ష రాత్రి పూట. ఇక్కడ ఎనిమిదిన్నర, అమెరికాలో అప్పుడే పొద్దెక్కుతుంటుంది. 'ఎందుకు ఆలస్యమైంది?' అని క్లయింట్ అడుగుతాడు. లీడ్ గొంతు సవరించుకుని, 'మా జూనియర్ ఒకరు అది మిస్సయ్యారు' అంటాడు. పేరు చెప్పడు, మంచి మనిషే. కానీ మైకు మ్యూట్‌లో పెట్టుకుని వింటున్న ఎనిమిది మందికీ ఆ జూనియర్ ఎవరో తెలుసు. 'మా టెస్టింగ్‌లో అది దొరకలేదు, రేపటికి సరిచేసి పంపిస్తాం' అన్నా సరిపోయేది. క్లయింట్‌కి రెండు జవాబులూ ఒకటే. ఆయనకి కావాల్సింది రేపటి సంగతి. తేడా అంతా మ్యూట్‌లో ఉన్నవాళ్లకే.

ఇలాంటి చోట నాకు శ్రీహరికోట గుర్తొస్తుంది. 1979 ఆగస్టు 10న అక్కణ్నుంచి ఎస్‌ఎల్‌వి-3 మొదటిసారి ఎగిరింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమన్నా, నిపుణులతో మాట్లాడి ముందుకే వెళ్లాలని నిర్ణయించింది ఆయనే. రెండో దశలో తేడా వచ్చి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఏళ్ల శ్రమ, కోట్ల ప్రజాధనం. బయట విలేకరులు ఎదురుచూస్తున్నారు. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ కలాంని ముందుకు తోయలేదు. తనే వాళ్ల ముందు కూర్చుని, వైఫల్యం బాధ్యత తన మీద వేసుకుని, తన బృందం మీద నమ్మకముందని, వచ్చే ఏడాదికి సాధిస్తారని చెప్పారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి ప్రెస్ మీట్ నువ్వు పెట్టమని కలాంకి చెప్పి ధావన్ పక్కకి తప్పుకున్నారు. కలాం రాష్ట్రపతి అయ్యాక కూడా ఎన్నో వేదికల మీద ఈ కథ చెబుతూనే వచ్చారు. ఆ శ్రీహరికోట కేంద్రానికి 2002లో ధావన్ పేరే పెట్టారు.

ఈ కథ విన్న ప్రతి లీడూ మొదటి సగం మెచ్చుకుంటాడు. నన్నడిగితే రెండో సగమే కష్టం. తిట్లు మన మీద వేసుకుంటే కనీసం త్యాగం చేశామన్న తృప్తి మిగులుతుంది. డెమో బాగా వచ్చినరోజు మైకు పక్కవాడికి ఇవ్వడంలో అది కూడా ఉండదు. మన ప్రెస్ మీట్లంటే ఈ రాత్రి కాల్స్, నెలాఖరు డెమోలే కదా. ఆ ఫీచర్ రాసిన అమ్మాయే డెమో ఇస్తే కాస్త తడబడుతుంది, ఓ స్లైడ్ దాటేస్తుంది. ఫర్వాలేదు. రెండో నెల తడబడదు. ప్రశంసా మెయిల్‌లో 'టీమ్ బాగా చేసింది' అన్న ఒక్క ముక్కకీ, ఎవరు ఏం చేశారో పేర్లతో రాయడానికీ చాలా తేడా ఉంది.

తియ్యగా ఉంటే చాలదు

ఇదంతా చదివి, అందరితో నవ్వుతూ మాట్లాడేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. ఏడాదంతా 'గుడ్, గుడ్' అని, అప్రైజల్ రోజు మొహం పక్కకి తిప్పుకుని తక్కువ రేటింగ్ చేతిలో పెట్టే లీడ్ కన్నా, మొహమ్మీదే చెప్పేవాడు నయం. పని బాగోలేదని మార్చిలో తెలిస్తే బాగుచేసుకోవడానికి ఏడాదుంటుంది. అప్రైజల్ గదిలో తెలిస్తే ఏముంటుంది, కన్నీళ్లు తప్ప?

అందుకే వారానికో పదిహేను రోజులకో లీడూ, ఉద్యోగీ విడిగా కూర్చునే మీటింగ్ పనికొస్తుంది. ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో రాసిన 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్'లో దీని మీద ఓ మంచి సూత్రం ఉంది. ఆ మీటింగ్ కింది ఉద్యోగిది, ఏం మాట్లాడాలో తనే నిర్ణయించాలి అని. మన దగ్గర అది 'టికెట్ ఎంతవరకు వచ్చింది?' అని అడిగే ఇంకో స్టాండప్ అయిపోతోంది. టికెట్ సంగతి స్క్రీన్ మీదే కనిపిస్తుంది కదా, దానికి మనిషెందుకు?

లీడ్ చేతుల్లో లేనివి చాలా ఉన్నాయి, అదీ ఒప్పుకోవాలి. రేటింగ్‌లు ఇంతమందికి ఇంతే ఇవ్వాలన్న కొలతలు పై నుంచి వస్తాయి. ప్రాజెక్టు మూసేయడం ఇంకెక్కడో నిర్ణయమవుతుంది. లీడ్‌కీ పైన ఓ మేనేజర్ ఉంటాడు, లీడ్‌కీ ఈఎంఐ ఉంటుంది. 'మీ ఉద్యోగాలకేం ఢోకా లేదు' అని అతను హామీ ఇస్తే అది అబద్ధమే అవుతుంది. ఇవ్వకూడదు కూడా. 'నాకు తెలిసింది ఇంతవరకే. ఇంకేమైనా తెలిసి, చెప్పగలిగింది అయితే ముందు మీకే చెబుతా' అనొచ్చు. అనడం సులువు, ఆ మాట మీద నిలబడాలి. ఒక్కసారి నిలబడ్డాడంటే ఆ టీమ్‌లో పుకార్లకి సగం గిరాకీ పోతుంది.

ఇక మెయిల్ రాని వాళ్ల సంగతి. లీడ్ అన్న హోదా లేకపోయినా, కొత్తగా చేరినవాళ్లు మొదట చూసేది పక్క సీట్లో ఉన్న రెండేళ్ల సీనియర్‌నే. మా టీమ్ గ్రూపులో ఫ్రెషర్ ఎవరొచ్చినా మొదటి మెసేజ్ ఒకేలా ఉంటుంది. 'సారీ, చిన్న డౌట్, ఏమనుకోవద్దు ప్లీజ్...' అని మొదలై, అసలు ప్రశ్న మూడో లైన్లో వస్తుంది. దానికి ఎవరూ పలక్కపోతే నాలుగోరోజు నుంచి ఆ ఫ్రెషర్ గ్రూపులో కనిపించడు. 'ఇది అందరికీ వచ్చే డౌటే, ఇక్కడే అడిగావు మంచిదైంది' అని ఎవరో ఒకరు అక్కడే, అందరిముందే జవాబిస్తే మరో ప్రశ్న వస్తుంది. మొన్నామధ్య చేరిన కుర్రాడొకడు మొదటి నెలంతా ఆ 'సారీ'తోనే మొదలుపెట్టేవాడు. ఇప్పుడు పొద్దున పదకొండున్నరకి ఎర్రర్ స్క్రీన్‌షాట్ ఒకటి పడేసి, కింద ఒకే లైను రాస్తాడు: 'నేనే పగలగొట్టా, ఎవరైనా చూస్తారా?'